కథ ఎవరు చెబుతున్నారు?

కథకుడు, ఉపకథ, కథాచట్రం - పిల్లల పాఠ్యపుస్తకాలలో ఇటువంటి పదాలు కనిపిస్తుంటాయి. పరీక్ష ముగియగానే వాటి నిర్వచనాలు మరుగున పడతాయి. కాని వాటి ప్రయోజనం పరీక్షతో తీరిపోయేది కాదు. ‘కలీలా వ దిమ్నా’ అనే అరబీ గ్రంథమే అందుకు నిదర్శనం.

పంచతంత్ర కథలు 6వ శతాబ్దంలో, నౌషీర్వాన్ చక్రవర్తి కాలంలో, పారసీకుల పహ్లవీ భాషలోకి వెళ్ళాయి. 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముఖఫ్ఫా వాటిని అరబీలోకి తెచ్చాడు. మనం ఎరిగిన కరటక దమనకులే అక్కడ కలీలా, దిమ్నాలు. చిన్నయసూరి 1853లో ప్రకటించిన ‘నీతిచంద్రిక’ వల్ల తెలుగువారికి ఈ నక్కలు చిరపరిచితమే.

సింహానికి, ఎద్దుకు స్నేహం కుదరడం, నక్క పన్నాగంతో అది చెడి ఎద్దు ప్రాణం కోల్పోవడం ప్రధాన కథ. పాత్రలు పరస్పరం చెప్పుకునేవి ఉపకథలు. వాటన్నింటినీ తనలో ఇముడ్చుకున్న ప్రధాన కథే కథాచట్రం. నక్క మోసం పాఠకునికి ముందే తెలుసు, సింహానికి తెలియదు. పాఠకునికి తెలిసినది పాత్రకు తెలియకపోవడాన్ని నాటకీయ వ్యంగ్యం అంటారు.

ఈ గ్రంథంలో గమనించవలసిన సూక్ష్మం మరొకటి ఉంది. ఎద్దుపై అనుమానం రేపడానికి నక్క సింహానికి ఒక ఉపకథ చెబుతుంది. సంపన్నుని పడకలో సుఖంగా ఉన్న పేను, కొత్తగా వచ్చిన అతిథికి ఆశ్రయమిస్తుంది. అతిథి కాటుకు ఆ మనిషి మేల్కొని వెదుకుతాడు. కుట్టిన పురుగు తప్పించుకుంటుంది, పేను చిక్కి చస్తుంది. దుష్టునికి ఆశ్రయమివ్వరాదన్న నీతి నిజమే. దానిని నిర్దోషి అయిన ఎద్దుకు అన్వయించడమే అబద్ధం. మంచి నీతిని సైతం చెడ్డ పనికి వాడుకోవచ్చునన్నమాట. కనుకనే కథ ఏమిటన్నదానితో పాటు కథకుడెవరన్నదీ తెలియాలి.

సంస్కృత మూలంలో దమనకునికి శిక్ష లేదు. అరబీ గ్రంథంలో మాత్రం దిమ్నా విచారణ అనే ప్రత్యేక అధ్యాయం ఉంది. అది ఇబ్నుల్ ముఖఫ్ఫా చేర్చినదేనని పలువురు పండితుల అభిప్రాయం. దిమ్నా అక్కడ కూడా కథలు చెప్పి తప్పించుకోజూస్తుంది. చివరకు ఇద్దరు సాక్షుల మాట ఏకమైనప్పుడే నేరం రుజువవుతుంది. కథకు విరుగుడు మరో కథ కాదు, సాక్ష్యం.

కుటుంబాలలో తగవులు తరచు ఇలాగే మొదలవుతాయి. ఒకరి గురించి మరొకరు చెప్పిన ముచ్చట, దానికి తోడు ఒక సామెత, ఒక నీతివాక్యం! అందుకే పిల్లలకు కథ చెప్పిన తరువాత ‘ఇందులోని నీతి ఏమిటి?’ అని అడిగి ఊరుకోరాదు. దీనిని ఎవరు, ఎవరితో, ఏ ఉద్దేశంతో చెప్పారని కూడా అడగాలి. ఎద్దు బతికుండగానే సింహం ఆ ప్రశ్న వేసుకుని ఉంటే, విచారణాధ్యాయంతో పనే ఉండేది కాదు.