పదసేకరణయేనా పని?

విశ్వవిద్యాలయముల భాషాశాఖల ఆచార్యులు హోసూరు ప్రాంతపు మా పల్లెలకు వచ్చి, ముదుసళ్ల నోటి మాటలు వ్రాసికొని పోవుచున్నారు. సంతోషమే. ఆ యవ్వ మనుమనికి తెలుగక్షరములు వచ్చునా యని మమ్మడిగినవారు మాత్రము లేరు.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతి కల్పింపుడని 1956లో రాజ్యాంగమున చేరిన 350ఏ అధికరణము చెప్పుచున్నది. 2006 నాటి తమిళనాటి చట్టము పదవ తరగతి వరకు తమిళమును తప్పనిసరి చేసినది. మినహాయింపునకై మావారు న్యాయస్థానముల మెట్లెక్కవలసి వచ్చినది. తమిళము నేర్చుటకు మాకభ్యంతరము లేదు, తరతరములుగా ఆ గడ్డ నీరే త్రాగుచున్నాము. కాని తెలుగునకు చోటేది?

2008లో ప్రాచీనభాషా హోదా వచ్చినది. నన్నయపై సదస్సులు, సన్మానములు, శాలువలు! ఇంటిపలుకు నుండి పుస్తకభాషకు మా పిల్లవానిని నడిపించు చిన్న వాచకము వ్రాయుటకు ఒక్క ఆచార్యునికైనను తీరిక లేదా? మరల వచ్చునపుడు అది తెండు. మాటలెన్నియైనను చెప్పుదుము.