అమ్మకపు లేఖలు

సరకు అమ్మదలచినవాడు కొనువానికి లేఖ వ్రాయుట దోషము కాదు. మనస్సు నాకర్షించునట్లు వ్రాయుటయు దోషము కాదు. వ్రాసినదానికి కట్టుబడుటకు వాడు సిద్ధముగా నున్నాడా యనునదే ప్రశ్న.

హైదరాబాదున అమీరుపేట మైత్రీవనమునొద్ద నిలిచి చూడుడు. సాఫ్ట్‌వేరు శిక్షణాలయముల పలకలు అంతస్తుపై అంతస్తుగా కనబడును. మెట్రో మెట్లు దిగునంతలో చేత కరపత్రము పడును. ఒకమారు ఫోను నంబరు ఇచ్చితిమా, వాట్సాపులో లేఖలు మొదలగును. ఉద్యోగము నూటికి నూరుపాళ్లు ఖాయము. మిగిలినవి కొలది స్థానములే. రుసుములో తగ్గింపు నేటి సాయంత్రముతో సరి! ఆ ‘నేటి సాయంత్రము’ మరునాడును వచ్చుచునే యుండును.

ప్రక్కనున్న పంజగుట్టలో నగల వర్తకుడును ఇట్టి లేఖలే వ్రాయును. కాని యచ్చట కొనువాడు హాల్‌మార్కు చూచి, తూకము వేయించి మరీ సొమ్మిచ్చును. చదువునకు హాల్‌మార్కు లేదు. రుసుము ముందు, ఫలము వెనుక. ఆ రుసుమునకై పల్లెలో తండ్రి పంటసొమ్ము తీయును, లేదా అప్పు చేయును. లేఖ వ్రాయువాడు ఆ తండ్రి భయమును బాగుగా నెరుగును.

అమ్మువాని మాటకు విలువ కట్టిన తీర్పొకటి ఇంగ్లండులో 1892లో వెలువడెను. తమ పొగబంతిని విధిగా వాడియు ఇన్‌ఫ్లుయెంజా పాలైనవారికి నూరు పౌనులిత్తుమని, అందుకై వేయి పౌనులు బ్యాంకులో నుంచితిమని కార్బాలిక్ కంపెనీ ప్రకటించెను. కార్లిల్ అను నామె జబ్బుపడి సొమ్మడుగగా, అది వట్టి ప్రకటన యని కంపెనీ వాదించెను. అప్పీలు న్యాయమూర్తులు ఆ వాదము నంగీకరింపలేదు. అమీరుపేట లేఖలలో బ్యాంకులో నుంచిన ఆ వేయి పౌనుల మాట ఏదీ?

మన దేశమునను 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ కోచింగు ప్రకటనలపై మార్గదర్శకములు వెలువరించినది. ఉద్యోగము తథ్యమని బూటకపు హామీ నిచ్చుట, స్థానములు తరిగిపోవుచున్నవని లేని తొందర పుట్టించుట అందు నిషిద్ధములు. ఇవి రెండును తీసివేసినచో పెక్కు లేఖలలో మిగులునది చిరునామా మాత్రమే.

సత్యముతో అమ్ముట సాధ్యము కాదందురా? 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీత సభలలో ఆ మందును ఉచితముగా పంచిపెట్టించిరి. తలనొప్పి తగ్గినవాడే మరల వచ్చి కొనెను. అమీరుపేటలోని డెమో తరగతియు నట్టిదే, మంచి యాచారము. అయితే డెమో చెప్పిన యుపాధ్యాయుడే కడవరకు చెప్పునని వ్రాసియిచ్చువారెందరు?

గత తరగతిలో చేరినవారెందరు, ఉద్యోగము పొందినవారెందరు, ఎంత జీతమునకు, నడుమ మానినచో రుసుములో తిరిగివచ్చునదెంత — ఈ నాలుగు పంక్తులు వ్రాసి సంతకము చేసిన లేఖను, సొమ్ము పంపుటకు ముందే తండ్రులు అడిగి తెప్పించుకొందురుగాక.