బందరుకు రేవు వస్తోంది, పాత బందరు మిగిలేనా?

మచిలీపట్నం: కలెక్టరు కచేరిలో అర్జీ ఇవ్వడానికో, కోర్టు వాయిదాకో, ఆసుపత్రికో జిల్లా పల్లెల నుంచి ప్రతిరోజూ ఎందరో బందరు వస్తుంటారు. పని ముగించుకుని కోనేరు సెంటరులో టీ తాగి, పిల్లలకు అర కిలో తొక్కుడు లడ్డు కట్టించుకుని సాయంత్రం బస్సు ఎక్కేస్తారు. నాలుగు వందల ఏళ్ళ కిందట దేశదేశాల వర్తకులు వెతుక్కుంటూ వచ్చిన ఊరు ఇదేనని వారిలో చాలామందికి తట్టదు. మంగినపూడి తీరాన రేవు పనులు 2023లో మొదలైన నాటి నుంచి ఊరి భవిష్యత్తు గురించి చర్చ సాగుతోంది. ఆ చర్చలో పాత ఊరి ప్రసక్తి మాత్రం అంతగా వినిపించడం లేదు.

పేటల పేర్లే చరిత్ర

బందరు చరిత్ర తెలియాలంటే పుస్తకం తిరగేయనక్కరలేదు, పేటల పేర్లు అడిగితే చాలు. వలందపాలెం అంటే హాలెండు వారు, అనగా డచ్చివారు ఉన్న చోటు. పరాసుపేట ఫ్రెంచివారిది. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పనే అక్కరలేదు. గోల్కొండ నవాబుల కాలంలో ఇది వారి రాజ్యానికి ముఖ్యమైన రేవు. డచ్చివారు 1605 ప్రాంతంలోను, ఇంగ్లీషువారు 1611లోను ఇక్కడ దిగారు. అద్దకం బట్టలు ఇక్కడి నుంచి ఓడలెక్కి పర్షియాకు, ఐరోపాకు వెళ్ళాయి. 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి నుంచి బందరు కోటను పట్టుకోవడంతో ఉత్తర సర్కారులపై ఇంగ్లీషువారి పెత్తనానికి దారి ఏర్పడింది.

ఊరి నుంచి సముద్రం వైపు వెళితే బందరుకోట వస్తుంది. డచ్చివారి శ్మశానంలో వంశచిహ్నాలు చెక్కిన పెద్ద పెద్ద సమాధి రాళ్ళు నేటికీ ఉన్నాయి. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం. రాళ్ళ మీది రాత డచ్చి భాషలో ఉంది. చదివి చెప్పే మనిషి లేకపోతే చూడవచ్చిన రైతుకు అవి ఉత్త రాళ్ళే.

రేవు ఎందుకు పోయింది?

కొత్త రేవుపై ఆశలు పెట్టుకున్నవారు పాత రేవు ఎందుకు పోయిందో కూడా తెలుసుకోవాలి. తీరంలో లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడలు దూరంగా లంగరు వేయవలసి వచ్చేది. సరుకును పడవలపై చేరవేసేవారు. ఇంగ్లండు మిల్లు బట్ట చవకగా దిగేసరికి మగ్గం దెబ్బతిన్నది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో ఊళ్ళోను, చుట్టుపట్ల పల్లెల్లోను సుమారు 30 వేల మంది చనిపోయారని అంచనా. ఆ దెబ్బ నుంచి బందరు పూర్తిగా కోలుకోలేదు. తరువాత రైళ్ళు వచ్చి వ్యాపారం బెజవాడకు మళ్ళింది. 1933లో విశాఖ రేవు ప్రారంభమైంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనను కళ్ళారా చూసినవారికి సముద్రం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఓడలు పోయిన తరువాతనే బందరు పెద్ద పనులు చేయడం గమనించదగిన విషయం. 1843లో మొదలైన నోబుల్ కళాశాల ఎన్నో తరాలకు చదువు చెప్పింది. 1902లో కృష్ణాపత్రిక ఇక్కడే పుట్టింది. 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్య ఆంధ్రాబ్యాంకును నెలకొల్పారు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. బందరులో పుట్టిన పేరు బోర్డుల మీది నుంచి తొలగిపోయింది. పేరు కాపాడుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కరలేదు.

లారీలు ఆగుతాయా?

రేవు వస్తే ఊరు దానంతటదే బాగుపడుతుందని అనుకోవడం తొందరపాటు. రేవులో దిగిన సరుకు జాతీయ రహదారి పట్టుకుని హైదరాబాదు వైపు సాగిపోతుంది. ఆ లారీలకు కోనేరు సెంటరుతో, పాత బజారుతో పని లేదు. రేవు దగ్గర భూముల ధరలు పెరగవచ్చు, గిడ్డంగులు వెలియవచ్చు. పాత వీధుల్లోని చిన్న దుకాణాలకు గిరాకీ కావాలంటే మనుషులు రావాలి, వచ్చినవారు ఒక పూటైనా ఉండాలి.

అందుకు కావలసిన సరుకు బందరులో లేకపోలేదు. పెడన కలంకారీకి, బందరు లడ్డుకు భౌగోళిక గుర్తింపు ఉంది. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు దేశమంతా పోతున్నాయి. ఉదయం బందరుకోట, మధ్యాహ్నం పేటలు, బజారు, చిలకలపూడి పాండురంగని దర్శనం, పొద్దువాలిన తరువాత మంగినపూడి సముద్రం. ఒక్కరోజులో చూడదగిన ఊరు ఇది. తిరుగు దారిలో పెడనలో దిగితే టేకు చెక్క అచ్చులతో బట్టపై పూలు అద్దే పని చూడవచ్చు. ఇవన్నీ చూసేవారు పెరిగితే లాభం ఊరి వ్యాపారులకే గాక అచ్చు చెక్కే కార్మికునికి, అద్దకం చేసే కుటుంబానికి, శనగలు, బెల్లం అమ్ముకునే రైతుకు కూడా అందుతుంది.

ఇందుకు కోట్ల రూపాయలు అవసరం లేదు. డచ్చి సమాధుల దగ్గర రాళ్ళపై ఏముందో తెలుగులో వివరించే బోర్డులు కావాలి. సెలవు రోజుల్లో బస్‌స్టాండు నుంచి కోట, పేటలు, మంగినపూడి చుట్టి వచ్చే బస్సు నడపాలి. పల్లె బడుల పిల్లలను ఏడాదికి ఒకసారైనా తీసుకురావాలి. రోడ్లు వెడల్పు చేసేటప్పుడు ఏ పాత కట్టడం ఉంచాలో ముందే జాబితా రాసుకోవాలి. కూలిన తరువాత జాబితా రాసి ప్రయోజనం లేదు.

బందరు రేవుకు 2008లో ఒకసారి, 2019లో మరొకసారి, 2023లో ఇంకొకసారి శంకుస్థాపనలు జరిగాయి. రేవు కోసం ఇన్నేళ్ళు ఎదురుచూసిన జిల్లా, ఆ రేవు వచ్చేనాటికి పాత ఊరిని పోగొట్టుకోకూడదు. నగరపాలక సంస్థ, పర్యాటక శాఖ, పురావస్తు శాఖ కలిసి కూర్చుని ఇప్పుడే నిర్ణయం తీసుకోవడం మంచిది. ఈలోగా పని మీద బందరు వచ్చే పల్లె ప్రజలు కూడా ఒక పూట ముందుగా బయలుదేరి తమ జిల్లా కేంద్రాన్ని తామే చూసుకోవచ్చు. జిల్లా వాళ్ళే చూడని ఊరిని బయటివారు వచ్చి చూడాలని కోరడం న్యాయం కాదు.