సైకిలు బాటకు ఎసరు

పొద్దున్నే పట్నం పనికి బయలుదేరే తాపీమేస్త్రీ సైకిలుకు ఒక పక్క తట్ట, ఇంకో పక్క టిఫిను క్యారేజీ వేలాడుతుంటాయి. వెనక లారీ హారను మోగితే ఆయన చేయగలిగింది ఒకటే, తారు దిగి మార్జినులోకి పోవడం. వానలకు ఆ మార్జిను కోసుకుపోయి ఉంటే దిగడం కాస్తా పడడమే అవుతుంది. రోడ్డు అందరిదీ అంటారు. అందులో సైకిలువాడి వాటా ఎన్ని అడుగులో కొలిచి చెప్పినవారు మాత్రం లేరు.

ఆ వాటాను కొలిచి, గీత గీసి, కార్లు చొరబడకుండా అడ్డు కట్టి ఇచ్చిన నగరాలు లోకంలో ఉన్నాయి. ఇచ్చినదాన్ని తిరిగి లాక్కోవాలని చూసిన ప్రభుత్వాలూ ఉన్నాయి. కెనడాలోని టొరంటో నగరంలో రేగిన తగవు ఈ రెండో రకానిది. చదువుకని అక్కడికి వెళ్లి, ఖర్చుల కోసం సైకిలు మీద ఇంటింటికీ భోజనం పొట్లాలు అందించే కుర్రాళ్లలో మన తెలుగువారూ ఉన్నారు. కనుక అది బొత్తిగా పరాయి గొడవ అనుకోనక్కరలేదు.

టొరంటోలో బ్లూర్, యాంగ్, యూనివర్సిటీ అవెన్యూ అనే మూడు వీధులు ఎప్పుడూ రద్దీగా ఉంటాయి. బ్లూర్ వీధిలో 2016లో ప్రయోగంగా రెండున్నర కిలోమీటర్ల లోపు సైకిలు దారి వేశారు. మరుసటి ఏడాది నగర కౌన్సిలు దాన్ని శాశ్వతం చేసింది. కరోనా కాలంలో మిగతా రెండు వీధులకూ ఆ వసతి వచ్చింది. అంతా బాగానే ఉందనుకుంటుండగా 2024 అక్టోబరులో అంటారియో రాష్ట్ర ప్రభుత్వం ఒక బిల్లు తెచ్చింది. ట్రాఫిక్కు రద్దీ తగ్గించి జనానికి సమయం మిగిల్చేందుకే ఈ చట్టమని దాని పేరులోనే చెప్పుకున్నారు. ఈ మూడు వీధుల్లో సైకిలు దారులు తీసేసి ఆ జాగా కార్లకు ఇవ్వాలన్నది అందులోని ముఖ్యాంశం. ఇకముందు కార్ల వరుస తగ్గించి ఏ పట్టణమైనా సైకిలు దారి వేయదలిస్తే రాష్ట్రం అనుమతి తీసుకోవాలన్నది మరొకటి. నవంబరు నెలాఖరుకల్లా బిల్లు చట్టమైపోయింది. మన దగ్గర పంచాయతీ వేసిన కల్వర్టును హైదరాబాదు నుంచో అమరావతి నుంచో వచ్చి పీకేస్తామన్నట్లుగా ఉంది వ్యవహారం.

కార్లవారి బాధ ఉత్తదేమీ కాదు. ఆఫీసుకు పోయేవాడు ఇంజను తిప్పుతూ గంటలకొద్దీ నిలబడితే కడుపు మండుతుంది. బ్లూర్ వీధి పడమటి కొసన ఉన్న దుకాణదారులు కొందరు తమ బేరం పోయిందన్నారు. మంచుకాలంలో ఈ దారులు ఖాళీగా పడి ఉంటాయన్నారు. ఆ ప్రాంతంలో పనికి సైకిలు మీద వెళ్లేవారు 1.2 శాతమేనని ప్రభుత్వం ఒక లెక్క చూపింది. అంతమందికి అంత రోడ్డు ఎందుకని ప్రశ్న.

లెక్క బాగానే ఉంది. కాని ప్రాణభయంతో తొక్కడం మానేసినవారిని లెక్కించడం ఎలా? వంతెన లేని ఏటిని ఈదేవారు నలుగురే ఉన్నారని వంతెన దండగంటే ఒప్పుకుంటామా?

అసలు చిక్కు వేరే చోట ఉంది. సైకిలు దారి తీసేస్తే సైకిలు మాయమైపోదు. బతుకుతెరువు దాని మీదే ఉన్నవాడు అదే వీధిలో, అదే కారు ముందు తొక్కుకుంటూ పోతాడు. వెనక వచ్చే కారు వాడి వేగానికే నడవాలి, లేదా వాడిని ఒరుసుకుంటూ దాటాలి. పైగా వరుస పెరిగిందని తెలిస్తే ఇంతకాలం ఆ వీధికి రాని కార్లు కూడా వచ్చి చేరతాయి. కొన్నాళ్లకు రద్దీ ఎప్పటిలాగే ఉంటుంది, అపాయం మాత్రం మిగులుతుంది. తీసేయడానికి కనీసం 4 కోట్ల 80 లక్షల కెనడా డాలర్లు ఖర్చవుతుందని నగర అధికారులు అంచనా కట్టారు. అదంతా ఉత్త మాటని ముఖ్యమంత్రి డగ్ ఫోర్డ్ కొట్టిపారేశారు.

అపాయం ఊహ కాదు. 2024 జులైలో అదే బ్లూర్ వీధిలో, కట్టడం పనుల చెత్త వేసే పెద్ద ఇనుప తొట్టి సైకిలు దారికి అడ్డంగా ఉండడంతో ఒక యువతి పక్కకు జరిగి కార్ల వరుసలోకి వెళ్లవలసి వచ్చింది. లారీ గుద్ది ఆమె చనిపోయింది. ఆ ఏడాది నగరంలో సైకిలు తొక్కుతూ ఆరుగురు మరణించారు. ఒక్క తొట్టి అడ్డమైతేనే ఇంత జరిగితే, 19 కిలోమీటర్ల దారి మొత్తం తీసేస్తే ఎలా ఉంటుందో చట్టం చేసినవారే చెప్పాలి.

సైకిలు సంఘంవారు కోర్టుకెక్కారు. తీర్పు వచ్చేదాకా దారులు తొలగించరాదని 2025 ఏప్రిల్లో ఉత్తర్వు వచ్చింది. జులై 30న న్యాయమూర్తి పాల్ షాబాస్ ఆ చట్టంలోని తొలగింపు భాగం కెనడా రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పారు. మన రాజ్యాంగంలో 21వ అధికరణం లాంటిదే అక్కడా ప్రాణరక్షణ హక్కు ఒకటుంది, దాని మీదే ఈ తీర్పు నిలిచింది. సైకిలు దారి వేయమని అడిగే హక్కు పౌరుడికి ఉందా అన్నది ఇక్కడ ప్రశ్న కాదని కోర్టు తేల్చింది. ఉన్న రక్షణను, తీస్తే మనుషులు దెబ్బతింటారని సొంత సలహాదారులే చెప్పిన తరువాత, రద్దీ తగ్గుతుందన్న రుజువు లేకుండా తీసేయడమే తప్పన్నది. ప్రభుత్వం దీనిపై అప్పీలుకు పోయింది.

కోర్టు ఆపినంత మాత్రాన నిలుస్తుందన్న భరోసా లేదు. ఢిల్లీలో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు 5.8 కిలోమీటర్ల మేర బస్సులకు, సైకిళ్లకు విడివిడిగా దారులు వేసి 2008లో తెరిచారు. కార్లవారు గగ్గోలు పెట్టారు. 2012లో ఢిల్లీ హైకోర్టు వారి వ్యాజ్యాన్ని కొట్టివేసింది. అయినా 2016లో ప్రభుత్వమే దాన్ని పగలగొట్టించింది. వాహనాలకన్నా మనుషులకు రోడ్డు పంచాలని 2006లోనే కేంద్రం జాతీయ నగర రవాణా విధానంలో రాసుకుంది. రాత ఒకటి, గునపం ఒకటి.

2011 జనగణన నాటికి దేశంలో నూటికి దాదాపు 45 కుటుంబాలకు సైకిలు ఉంది. హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు పక్కన సోలారు పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు దారిని 2023 అక్టోబరులో ప్రారంభించారు. పొద్దున వ్యాయామం చేసేవారికి అది హాయి. తట్ట తగిలించుకున్న మేస్త్రీకి మాత్రం ఆ నీడ అందదు, ఆయన పని ఉన్న వీధి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో హైస్కూలు బాలికలకు ‘బడికొస్తా’ పేరిట సైకిళ్లు పంచారు. మంచిదే. సైకిలు ఇచ్చినవారు అది నడిచే రెండడుగుల గట్టి మార్జిను కూడా ఇచ్చి ఉంటే ఆడపిల్లను బడికి పంపే తల్లి గుమ్మంలో నిలబడి సాయంత్రం దాకా బెంగపడేది కాదు.

జిల్లాలో రోడ్ల వెడల్పు పనులకు అంచనాలు వేసినప్పుడల్లా తారు ఎన్ని మీటర్లో రాస్తారు. మార్జిను గట్టిపరచడం అందులో ఉందా, ఉంటే బిల్లుకే పరిమితమా, పని కూడా జరుగుతుందా అన్నది గ్రామసభలో అడిగితే ఇంజనీర్లు జవాబు చెప్పక తప్పదు. పని మొదలవకముందే అడగాలి.