గురువు గాయమునకు లెక్క ఏది?

పాఠశాలలో ఘోరము జరిగినపుడు లోకము మొట్టమొదట అడుగు ప్రశ్న "పిల్లలెందరు?" అని. అది న్యాయమైన ప్రశ్నయే. రెండవ ప్రశ్న "దోషి ఎవడు?" అని. అదియు అడుగవలసినదే. మూడవ ప్రశ్న ఒకటి గలదు. దానిని అడుగువారు అరుదు. తలుపు గడియ వేసి, పిల్లలను మూలకు చేర్చి, ఉచ్ఛ్వాసము సైతము వినబడకుండ కూర్చుండి బ్రతికి బయటపడిన ఉపాధ్యాయుడు మరల తరగతిలో అడుగుపెట్టి హాజరు పట్టీ తెరచునపుడు, అతని మనస్సు ఏమగును?

ఇది దూరదేశపు ప్రశ్న యని మనము ఊరడిల్లుటకు వీలులేదు. 2012 ఫిబ్రవరి 9వ తేదీన, మన పొరుగుననే, చెన్నై నగరములో తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒకడు తన ఉపాధ్యాయినిని తరగతి గదిలోనే కత్తితో పొడిచి చంపెను. నాడు బాలుర పెంపకమును గూర్చి, సినిమాలను గూర్చి, చదువుల ఒత్తిడిని గూర్చి ఎన్నియో చర్చలు జరిగినవి. అటుపిమ్మట ఆమె తోటి ఉపాధ్యాయులు విద్యార్థులకు వీపు చూపి నల్లబల్లపై వ్రాయుటకు ఎంత ధైర్యము కూడగట్టుకొనవలసి వచ్చినదో ఆలోచించినవారు ఎందరు?

ఇట్టి విషయములలో, దురదృష్టవశమున, అమెరికా దేశపు అనుభవము మిక్కిలి విస్తారమైనది. అందుండి మనము నేర్వదగినవి కొన్ని గలవు.

1999 ఏప్రిల్ 20వ తేదీన కొలరాడో రాష్ట్రములోని కొలంబైన్ హైస్కూలులో ఇద్దరు విద్యార్థులు 12 మంది తోటి విద్యార్థులను, డేవ్ శాండర్స్ అను ఉపాధ్యాయుని కాల్చి చంపి, తామును ప్రాణములు తీసికొనిరి. భోజనశాలలోని పిల్లలను హెచ్చరించి తప్పించినవాడు ఈ శాండర్సే. నాటి ప్రిన్సిపాలు ఫ్రాంక్ డిఏంజెలిస్ ఒక ప్రతిజ్ఞ చేసెను. ఆనాడు బడిలోనున్న పిల్లలందరు చదువు ముగించువరకు తాను కదలనని మొదట మాట ఇచ్చెను. పిమ్మట, నాడు ఆ ప్రాంతములో ఓనమాలు దిద్దుచున్న పసివారు సైతము హైస్కూలు దాటువరకు ఆ గడువును పొడిగించుకొనెను. 2014లో గాని ఆయన పదవీ విరమణ చేయలేదు.

ఈ కథ వినినవారు ఆయన దీక్షను మెచ్చుకొందురు. మెచ్చదగినదే. కాని ఆయనయే పలుమారులు చెప్పిన మరియొక సంగతి మనము మరతుము. తాను బ్రతికి, పిల్లలు పోయినందుకు తన్ను అపరాధభావము వేధించెననియు, మానసిక చికిత్స పొందినందువలననే తాను నిలువగలిగితిననియు ఆయన బహిరంగముగా చెప్పెను. దీక్ష ఒక్కటియే ఆయనను నిలుపలేదు, చికిత్సయు నిలిపినది. మొదటిదానిని మాత్రమే ఆదర్శముగా చూపి రెండవదానిని దాచినచో, మనము ఉపాధ్యాయులకు సగము పాఠమే చెప్పినవారమగుదుము.

ఇక కనెక్టికట్ రాష్ట్రపు సంగతి. 2012 డిసెంబరు 14వ తేదీన న్యూటౌన్ పట్టణములోని శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో 20 మంది పసిపిల్లలును, బడిలో పనిచేయు ఆరుగురు పెద్దలును హతులైరి. 2013 జనవరి 3వ తేదీన, అనగా 20 దినములకే, పొరుగూరిలోని వేరొక భవనములో తరగతులు మరల ఆరంభమైనవి. పిల్లల మేలు కోరియే అట్లు చేసిరి. కాని ఆ తరగతులను నడుపవలసినవారును ఆ తుపాకి మ్రోతలు వినినవారే కదా!

ఆనాటి ఆ రాష్ట్ర శాసనము ప్రకారము, దేహమునకు గాయము లేనిదే మనస్సునకు కలిగిన గాయమునకు ఉద్యోగులకు పరిహారము సామాన్యముగా లభించెడిది కాదు. చేయి విరిగిన ఉపాధ్యాయునికి పరిహారము గలదు. పిల్లల మరణమును చూచి నిద్ర నశించిన ఉపాధ్యాయునికి లేదు. 2013లో ఆ ఒక్క సంఘటన బాధితులైన ఉద్యోగులకై ప్రత్యేక సహాయనిధి నేర్పరచిరి. అట్టి దారుణములను ప్రత్యక్షముగా చూచిన ఉద్యోగులందరకు మనోగాయపు పరిహారము శాసనబద్ధమైనది 2024 జనవరి 1వ తేదీ నుండి మాత్రమే. గాయమును గాయమని ఒప్పుకొనుటకు ఒక సంపన్న రాష్ట్రమునకు పదునొకండు సంవత్సరములు పట్టినది!

దీని ప్రక్కన ఇంకొక దృష్టాంతము నుంచి చూడుడు. 2023 జనవరి 6వ తేదీన వర్జీనియా రాష్ట్రములోని న్యూపోర్ట్ న్యూస్‌లో ఆరేండ్ల బాలుడు తన ఉపాధ్యాయినిని తరగతిలోనే తుపాకితో కాల్చెను. ఆమె బ్రతికి, న్యాయస్థానము కెక్కెను. అప్పుడు పాఠశాలా మండలి చేసిన వాదమేమి? ఇది ఉద్యోగములో తగిలిన గాయము గనుక ఉద్యోగ పరిహారముతో సరిపెట్టుకొనవలెనని! న్యాయమూర్తి ఆ వాదమును అంగీకరింపలేదు. 2025 నవంబరులో జ్యూరీ ఆమెకు కోటి డాలర్ల పరిహారము నిర్ణయించినది. ఒకచోట మనస్సు గాయపడినచో అది ఉద్యోగపు గాయము కాదనిరి. వేరొకచోట గుండు తగిలినచో అది ఉద్యోగములో భాగమే యనిరి. రాష్ట్రములు వేరైనను, శాసనములు వేరైనను, రెండు వాదములలోను నష్టపోవలసినది ఉపాధ్యాయుడే.

నేను చెప్పదలచిన దిదియే: హింస జరిగిన పాఠశాలలో ఉపాధ్యాయుడు పిల్లలకు రక్షకుడు మాత్రమే కాదు, తానును క్షతగాత్రుడు. మనము అతనిని వీరుడని కీర్తించుటకు సిద్ధము. రోగియని పరామర్శించుటకు సిద్ధము కాము. వీరుడనిన వానికి ఒక శాలువ చాలును; రోగి యనిన వానికి సెలవు, వైద్యము, వ్యయము కావలెను గదా!

వైద్యశాస్త్రము ఈ గాయమునకు పేరు పెట్టి చాల కాలమైనది. 1980లోనే అమెరికా మనోవైద్యుల రోగనిర్ణయ గ్రంథము దీనిని ఒక ప్రత్యేక వ్యాధిగా గుర్తించినది. జరిగిన సంఘటన మరల జరుగుచున్నట్లే కన్నుల గట్టుట, ఆ చోటును ఆ మాటను తప్పించుకొని తిరుగుట, చిన్న చప్పుడునకే ఉలికిపడుట దీని లక్షణములు. అందరకు రాదు, పలువురు కొన్ని వారములలో తేరుకొందురు. నెల దాటినను తగ్గనిచో చికిత్స అవసరము, చికిత్సయు గలదు. బాధితులనందరను ఒకచోట కూర్చుండబెట్టి, జరిగినదంతయు బలవంతముగా చెప్పించుట మేలుచేయదని కూడ పరిశోధనలు తేల్చినవి; ప్రపంచ ఆరోగ్య సంస్థయు దానిని వలదన్నది. వినుటకు మనిషి ఉండవలెను. చెప్పుట బాధితుని ఇష్టము.

ఇందుకు ఆక్షేపణ లేకపోలేదు. "పిల్లలు పోయి తల్లిదండ్రులు కుములుచుండగా ఉపాధ్యాయుల నిద్రను గూర్చి మాటలాడుట తగునా?" అని అడుగువారు గలరు. దుఃఖమునకు తూనిక లేదు. తల్లి దుఃఖము ముందు ఎవరి దుఃఖమైనను చిన్నదే. కాని మిగిలిన పిల్లలు ఎవరి ముఖము చూచి ధైర్యము తెచ్చుకొందురు? భయము తీరని గురువు పిల్లల భయమును ఎట్లు తీర్చును? "పనిలో పడినచో అన్నియు మరచును" అనునది మరియొక మాట. కొందరి విషయములో అది నిజమే. డిఏంజెలిస్‌కు బడియే ఆశ్రయమైనది. వేరొకరికి ఆ వరండాలో నడచుటయే నరకము కావచ్చును. నిలుచుటయు వెళ్లుటయు రెండును గౌరవనీయములే. బదిలీ కోరినవానిని పిరికివాడనుట అన్యాయము.

మన పాఠశాలలలో చేయదగినదేమి? మొదటిది, ఘోరమును చూచిన ఉపాధ్యాయునికి సెలవు దయగా గాక హక్కుగా లభింపవలెను; అతని తరగతులకు వేరొకరిని పంపవలెను. రెండవది, వైద్యుని చూచెనను సంగతి సర్వీసు రిజిస్టరులో మచ్చ కాకూడదు, ఉపాధ్యాయుల గదిలో పరిహాసము కాకూడదు. మూడవది, అందరను ఓదార్చవలసిన ప్రధానోపాధ్యాయుని ఓదార్చువారు ఎవరో ముందే నిర్ణయింపవలెను. నాల్గవది, చిన్న విషయములపై శ్రద్ధ. ఏ గది మూయవలెను, ఏ గంట మ్రోత మార్చవలెను, పట్టీలో పోయిన బిడ్డ పేరును ఎవరు, ఎప్పుడు తొలగింపవలెను అనునవి చిన్నవిగా తోచును. గుండె ఆగునది అచ్చటనే. ఐదవది, ఈ పాఠము బి.ఎడ్. శిక్షణలో చేరవలెను.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. జపానులో ఒసాకా నగరపు సమీపమున ఇకెడా ప్రాథమిక పాఠశాలలో 2001 జూన్ 8వ తేదీన ఒక దుండగుడు ఎనిమిది మంది పిల్లలను చంపెను. ఇరువురు ఉపాధ్యాయులును గాయపడిరి. ఆ పాఠశాల అనుబంధముగానున్న విద్యా విశ్వవిద్యాలయము 2003లో, ఇట్టి ఆపదలలో మానసిక సహాయమునకై ఒక కేంద్రమునే నెలకొల్పినది. మన దేశములోను 2022 అక్టోబరు నుండి టెలి మానస్ అను ప్రభుత్వ సహాయ కేంద్రము 14416 సంఖ్యపై ఫోనులో సలహా నిచ్చుచున్నది. ద్వారము తెరచియే యున్నది; ఉపాధ్యాయుడు సిగ్గుపడక ఆ గడప దాటునట్లు చేయుట మన పని.

విద్యార్థులకు ఒక్క మాట. మీ మాస్టారు ఒకనాడు పాఠము నడుమ ఆగి, తలుపు వంక చూచి, మాట మరచినచో నవ్వకుడు. కొంచెము సేపు వేచియుండుడు. మీకు పాఠము రానినాడు ఆయన ఎన్నిమారులు వేచియుండెనో జ్ఞప్తి చేసికొనుడు.