ఏ సంవత్సరం కాదు, ఎన్ని గంటలు?

కరీంనగర్ దాటి ఊళ్లలోకి పోతే తాటివనంలో ఇప్పటికీ కనబడే దృశ్యమిది: గౌడన్న లొట్టి వంచుతుంటాడు, తాగేవాడు తాటాకు రేకను నోటికి పట్టి ఉంటాడు, పక్కన విస్తరాకులో కారం దట్టించిన బోటి. దీన్ని మనం తాగుడు అంటాం. ఇటలీలో ఇదే పని చేస్తే భోజనం అంటారు. టస్కనీ వాళ్లు సాంజొవేసే ద్రాక్షతో చేసే కియాంతిని నిప్పుల మీద కాల్చిన మాంసంతో ఎందుకు తాగుతారు? తీపంతా ఈస్ట్ తినేశాక మిగిలే పులుపూ, ద్రాక్షతోలు ఇచ్చే వగరూ నాలుక మీది కొవ్వును కడిగేస్తాయి కాబట్టి. 1716లోనే కియాంతి సీమకు ఎల్లలు గీసి మరీ పేరు కాపాడుకున్నారు. మన కల్లుకు ఆ వగరు లేదు గానీ పులుపు చేసే పని అదే. అక్కడ నెలలు పట్టే తయారీ ఇక్కడ గంటల్లో తేలిపోతుంది. తెల్లారి దింపింది తియ్యన; అది ఒట్టిగానే బాగు. పొద్దెక్కాక కాస్త పులుపు తగిలింది గుడాలకు జోడీ. మాపటికి తీపి చచ్చి పుల్లబడిందే బోటికి, వేటకూరకు సరిజోడు. అందుకే వైన్ సీసా మీద సంవత్సరం చూసినట్టు కల్లుకు గంట చూడాలంటాను. నా లెక్కలో కల్తీ కల్లు చేసే ద్రోహం రెండింతలు: మత్తుమందుతో ఒళ్లు గుల్ల చేయడం ఒకటి, ముద్దకూ గుక్కకూ ఉన్న పొత్తును చంపడం రెండోది. మత్తు కోసమే తాగేవాడికి రుచితో పనేముంది? మీరు తాగేవారైతే, ఈసారి మండువకు పోయినప్పుడు ‘సీసా ఎంత’ అని కాదు, ‘ఎప్పుడు దింపినవ్ గౌడన్నా’ అని అడగండి.