మాసికయా? మార్పిడియా?

కంప్యూటరులందు నెలకొల్పబడిన సాఫ్టువేరు ప్యాకేజీలలో లోపము బయల్పడినపుడు దానిని చక్కబెట్టుటకు రెండు మార్గములు గలవు. లోపమున్న చోటనే ప్యాచి వేయుట మొదటిది. పాతదానిని తొలగించి క్రొత్త కూర్పును నెలకొల్పుట, అనగా అప్‌గ్రేడు చేయుట, రెండవది. మొదటిది చినిగినచోట వేయు మాసిక. రెండవది క్రొత్త వస్త్రము. ఈ రెంటిలో నేది మేలని మన కార్యాలయములందు వాదములు సాగుచున్నవి. వాదము ముగియునంతవరకు చినుగు అట్లే యుండుటయే మా విచారమునకు హేతువు.

2017 నాటి వృత్తాంతమును పాఠకులు మరచియుండరు. విండోసునందలి యొక లోపమునకు మైక్రోసాఫ్టువారు మార్చి 14వ తేదీన ప్యాచి నొసంగిరి. మే 12వ తేదీన ‘వన్నాక్రై’ యను దుష్ట ప్రోగ్రాము ఆ లోపము గుండనే ప్రవేశించి, దాదాపు 150 దేశములలో ఫైళ్లకు తాళములు వేసి సొమ్ము కోరెను. నడుమ 59 దినముల గడువుండెను! ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటరులు కొన్నియు దాని వాత బడెను. ఇంగ్లండు ప్రభుత్వ వైద్యశాలలలో 19,000కు పైగా రోగుల అపాయింటుమెంట్లు రద్దయి యుండునని అంచనా వేయబడెను. అచ్చట చిక్కిన యంత్రములలో నధికభాగము ప్యాచి లభించుచున్న విండోస్ 7వే. వారు క్రొత్త కూర్పు లేక కాదు, చేతనున్న మాసిక వేయక చెడిరి.

ప్యాచి వేసినచో పని నిలిచిపోవునేమో యని జంకువారు గలరు. ఆ భయము నిరాధారము కాదు. కావుననే బ్యాకప్పు భద్రపరచి, ముందొక యంత్రముపై పరీక్షించి, పిమ్మట తక్కినవానికి వేయవలెను. ఇందులకు కొలది దినములు చాలును. క్రొత్త కూర్పు సంగతి వేరు. పాత ప్రింటర్లును, దానిపై నాధారపడిన యితర ప్రోగ్రాములును పనిచేయక పోవచ్చును. దానికి ఆలోచనయు, ధనమును, సిబ్బందికి శిక్షణయు వలయును. డెబియనువారు తమ స్థిరమైన విడుదలలో సాధారణముగా క్రొత్త కూర్పును దింపక, భద్రతా సవరణను మాత్రమే పాత కూర్పునకు అమర్చుట ఈ భేదము నెరిగియే.

అట్లని మాసికలతోనే కలకాలము గడపవచ్చునని మేము చెప్పుటలేదు. మాసిక వేయువాడు చేయి విడిచిననాడు వస్త్రము మార్చక తప్పదు. విండోస్ 10నకు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. పొడిగింపు దొరికినను అది కొలది కాలమునకే. ఆ తేదీ యేండ్ల ముందే ప్రకటితమైనది గనుక, తెలియదనుటకు వీలులేదు.

కావున ప్యాచి నేటి విధి; అప్‌గ్రేడు రేపటి యేర్పాటు. రేపటి పేర నేటి విధిని మానరాదు. నేటి మాసికను జూపి రేపటి వ్యయమును దాటవేయరాదు. ఏ యంత్రమున నేయే ప్యాకేజీలు గలవో, ఏ కూర్పునకు సహాయ మెన్నడు ముగియునో, ప్రతి కార్యాలయాధికారియు నొక పట్టిక వ్రాయించి యెదుట నుంచుకొనవలెను. ఆ యంత్రములలోని రికార్డులు ప్రజలు నమ్మి యప్పగించిన సొత్తని వారు మరువకుందురుగాక.